కార్డులో పేరు - మన కలం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నేను మనకు రాని ఒక సరుకు గురించి మాట్లాడుతాను. అది రేషన్ బియ్యం. సర్కారు పెన్షన్ తీసుకునే మనకు ఆ కార్డు రాదు. కాని ఆ కార్డులు రాసినవాళ్ళం మనమే, కొట్టివేసినవాళ్ళమూ మనమే. అందుకే ఈ నాలుగు మాటలు.

1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం పెట్టినప్పుడు నేను జగిత్యాల తాలూకా కచేరిలో జూనియర్ అసిస్టెంటును. కార్డులు చేతితో రాసి రాసి వేళ్ళు నొప్పి పుట్టేవి. తరువాత మండలాలు వచ్చాయి, కోరుట్లలో చేశాను, సిరిసిల్లలో చేశాను. కోరుట్లలో ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు, దుబాయి పోయిన మగవాళ్ళు. సిరిసిల్లలో సాంచెల మీద బతికేవాళ్ళు. సాంచెలు ఆగి, నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలు పేపర్లలో వచ్చిన రోజులు మనలో చాలామందికి గుర్తే. అటువంటి ఇళ్ళకు ఆ బియ్యమే ఆధారం.

ధర మాత్రం ఎక్కుతూ దిగుతూ వచ్చింది. 2000లో కిలో ఐదు రూపాయలు దాటింది. 2008లో మళ్ళీ రెండు రూపాయలు, 2011లో రూపాయి అయింది. 2013లో పప్పు, నూనె, చింతపండు వంటి తొమ్మిది సరుకులు 185 రూపాయలకు ఇచ్చిన ‘అమ్మహస్తం’ ఎంతోకాలం నిలవలేదు. 2013లోనే ఆహార భద్రత చట్టం వచ్చింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద బియ్యం ఉచితం. 2025 ఉగాది నాడు మన రాష్ట్రంలో సన్నబియ్యం మొదలైంది, మనిషికి నెలకు ఆరు కిలోలు. అంత్యోదయ కార్డుకైతే ఇంటికి 35 కిలోలు.

ధర సున్నాకు వచ్చింది, మంచిదే. కాని కార్డులో పేరు లేని మనిషికి రెండు రూపాయలైనా ఒకటే, ఉచితమైనా ఒకటే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఊరి పేరు వద్దు. బోగస్ కార్డుల ఏరివేత జరుగుతున్నది. ఒక ఇంటికి రెండుసార్లు పోయాను, రెండుసార్లూ తాళమే. ‘నివాసం లేరు’ అని రాశాను, కార్డు రద్దయింది. ఆమె భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. ఆమె ఆ రెండు రోజులూ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. పక్కింట్లో ఒక్క మాట అడిగితే తెలిసేది, అడగలేదు. ఆమె నాలుగుసార్లు కచేరికి వచ్చింది, వచ్చినప్పుడల్లా ఆ రోజు కూలి పోయింది. నాలుగోసారి, “సారూ, నేను ఉన్ననని ఎవలతోని రాయించుకురావాలె?” అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. కార్డు తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల బియ్యం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు కాగితం పోయి మిషన్ వచ్చింది. మొన్న మా వాడకట్టు చౌక ధరల దుకాణంలో ఒక ముసలమ్మ, “బీడీలు చేసి చేసి ఏళ్ళ మీద గీతలు పోయినయి బిడ్డా, మిషిన్ గుర్తువడుతలేదు” అంటున్నది. వేలిముద్ర పడకపోతే కంటిపాపతో చూసే పద్ధతి ఉన్నదని ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. కోడళ్ళ సంగతి మరొకటి. తల్లిగారింటి కార్డులో పేరు తీసేస్తారు, అత్తగారింటి కార్డులో ఎక్కదు. ఆ నడుమ పుట్టిన పిల్లలకూ పేరుండదు.

సోదరులారా, మనకు దరఖాస్తు రాయడం వచ్చు, రశీదు అడగడం వచ్చు. బియ్యం ఇచ్చే రోజుల్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఇద్దరిద్దరం దుకాణాల దగ్గర ఒక గంట కూర్చుందాం. పేర్లు చూద్దాం, మీసేవలో ఏ కాగితం ఇవ్వాలో చెబుదాం. 1967 నంబరుకు ఫోను చేయించుదాం. అక్కడ తెగకపోతే జిల్లా ఫిర్యాదుల అధికారికి, రాష్ట్ర ఆహార కమిషన్‌కు రాసిపెడుదాం. హక్కున్నవారికి ధాన్యం అందకపోతే బదులు భత్యం ఇవ్వాలని చట్టంలోనే ఉన్నది. ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన పెద్ద ఆడమనిషే కార్డుకు యజమాని అనీ ఉన్నది. ఆ మాట ఆమెకు తెలియాలి.

ముప్పై అయిదేళ్ళు సర్కారు జీతం తిన్నాం. నెలకు ఒక గంట పెద్ద బరువు కాదు. మొదటి పేరు నాది రాసుకోండి.