మూజువాణిలో వినపడని పేర్లు

 

కోయంబత్తూరులో స్నాతకోత్సవమంటే ప్రసంగం ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటుంది. ఈసారి తెలుగులో మాట్లాడమని కోరినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. మీలో చాలామంది పీలమేడు, ఆవారంపాళయం ఇళ్ల నుంచి, మదురైకి అటూ ఇటూ ఉన్న కంబం, సాత్తూరు, కోవిల్‌పట్టి ఊళ్ల నుంచి వచ్చారు. తెలుగు చదవడం రాకపోయినా ఇంట్లో అవ్వ, తాత మాట్లాడింది విని పెరిగారు. విజయనగర కాలంలోనూ, ఆ తర్వాత మదురై నాయకుల కాలంలోనూ ఈ దిక్కుకు వచ్చి స్థిరపడ్డ వాళ్ల సంతానం మీరు. ఆ వలస కథను కి. రాజనారాయణన్ తమిళంలో నవలగా రాశారు. మదురై చరిత్రను ‘కావల్ కోట్టం’గా రాసి సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న సు. వెంకటేశన్ 2019 నుంచి లోక్‌సభలో మదురై ప్రతినిధి. చట్టసభ మనకు దూరపు ఊసేమీ కాదని చెప్పడానికే ఈ పేర్లు తలుచుకుంటున్నాను.

ఈరోజు ఒక్క సంగతే మాట్లాడతాను. అణువిద్యుత్తు విషయంలో మనం పంపిన ఎంపీ ఏం చేశారో తెలుసుకోవాలంటే ఎక్కడ చూడాలి? ఎటు ఓటేశారో చూస్తే తెలిసిపోతుందని అందరూ అనుకుంటారు. నేనూ ఆ లెక్కలు తిరగేశాను. అక్కడ దొరికేది బహు తక్కువ.

ముందు 1988 చూడండి. ఆ ఏడాది నవంబరు 20న రాజీవ్ గాంధీ, సోవియట్ నేత గోర్బచెవ్ కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం ఒప్పందం మీద సంతకాలు చేశారు. మన రాజ్యాంగం ప్రకారం ఇలాంటి ఒప్పందానికి పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. కాబట్టి ఓటింగే లేదు. కలింగపట్టిలో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన వైకో అప్పుడు రాజ్యసభ సభ్యులు. కూడంకుళాన్ని గట్టిగా వ్యతిరేకించిన నాయకుల్లో ఆయనొకరు. అయినా ఆ ఒప్పందం మీద ఆయన ఓటేదని వెతికితే దొరకదు. సభలో మాట్లాడటం, ప్రశ్న అడగడం తప్ప ఏ సభ్యుడికీ మరో దారి లేదు.

ఇక 2008 జులై 22. అమెరికాతో అణు ఒప్పందం వద్దంటూ వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకుంటే మన్మోహన్ సింగ్ ప్రభుత్వం విశ్వాస పరీక్షకు నిలబడింది. అనుకూలంగా 275, వ్యతిరేకంగా 256. అప్పుడు కోయంబత్తూరు ఎంపీ సీపీఐకి చెందిన కె. సుబ్బరాయన్, మదురై ఎంపీ సీపీఎంకు చెందిన పి. మోహన్. ఇద్దరి పార్టీలూ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశాయి. ఆంధ్రా ఎంపీల్లో తెలుగుదేశం పార్టీ విప్‌ను, అంటే ఎటు ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించినవాళ్లు తేలారు. ఓట్లు కొనడానికి ఇచ్చారంటూ సభలోనే నోట్ల కట్టలు ఎత్తి చూపించిన రోజది. ఆ ఓట్లన్నీ రికార్డులో ఉన్నాయి, కాని అవి పడింది ప్రభుత్వం ఉండాలా పడిపోవాలా అన్న దాని మీద. రియాక్టర్ల మీద ఎవరి అభిప్రాయమేమిటో ఆ పట్టిక చెప్పదు. పైగా 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. విప్ కాదని ఓటేస్తే సీటు పోతుంది. ఆ భయం కింద పడిన ఓటు పార్టీది, ఆ మనిషిది అనుకోవడానికి లేదు.

చివరగా 2025 డిసెంబరు. 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ, 2010 నాటి అణు నష్టపరిహార చట్టాన్నీ తీసేసి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచే ‘శాంతి’ బిల్లు వచ్చింది. లోక్‌సభలో 17న, రాజ్యసభలో 18న మూజువాణి ఓటుతో గెలిచింది. లోక్‌సభలో ప్రతిపక్షం వాకౌట్ చేసింది. అరవై మూడేళ్లలో ఈ రంగంలో ఇంత పెద్ద మార్పు రాలేదు. ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా చెప్పే కాగితం మాత్రం లేదు. మూజువాణి అంటే గొంతులు కలిసి వినపడతాయి, పేర్లు వినపడవు. ఫలితం ఒప్పుకోని సభ్యులు డివిజన్ కావాలని పట్టుబట్టవచ్చు. అప్పుడు లాబీలు ఖాళీ చేయించి, మీటలు నొక్కించి, ఒక్కొక్కరి పేరూ రాస్తారు. ఇంత ముఖ్యమైన బిల్లును డివిజన్ లేకుండా పోనివ్వడం నన్ను నిజంగా బాధపెట్టింది. అధికారపక్షాన్నీ, బయటికి నడిచిపోయిన వాళ్లనూ కలిపే అంటున్నాను. వాకౌట్ మరునాడు పత్రికలో పడుతుంది. పదేళ్ల తర్వాత ఒక విద్యార్థి వెతుక్కునేది పేరున్న ఓటు.

మరి చూడాల్సింది ఎక్కడ? ప్రశ్నల్లో. సభ్యుడికి తనదంటూ మిగిలింది అదే. ప్రశ్న అడగడానికి విప్ ఉండదు.

లోక్‌సభలో ఒక ప్రశ్న ఎలా నడుస్తుందో కొంచెం దగ్గరగా చూద్దాం. కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రశ్న 150 మాటలు దాటకూడదు. ఒక సభ్యుడు ఒక రోజుకు ఐదు నోటీసుల దాకా ఇవ్వవచ్చు. వచ్చిన నోటీసుల్లోంచి లాటరీ తీస్తారు. మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాల్సిన స్టార్ గుర్తు ప్రశ్నలు రోజుకు ఇరవై, రాతపూర్వక జవాబుకు 230. అణుశక్తి శాఖ ప్రధానమంత్రి చేతిలో ఉంటుంది. లోక్‌సభలో ఆ శాఖ వంతు బుధవారం. ప్రశ్నను అ, ఆ, ఇ, ఈ అని ముక్కలుగా రాస్తారు. జవాబులో చూడండి, చాలాసార్లు “అ నుంచి ఈ వరకు” అని ఒకే పేరాలో చుట్టేస్తారు. అక్కడే ఆగి, ఏ ముక్కకు జవాబు రాలేదో వేలు పెట్టి వెతకండి. “ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు” అన్నారంటే, ఏ ముక్కకు అన్నారో గుర్తు పెట్టుకోండి. “సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం” అంటే అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేరిందో లేదో చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది.

ఇప్పుడొక విషయం పట్టుకుని వరసగా చదవండి. కూడంకుళం మొదటి రెండు యూనిట్ల పని 2002లో మొదలైంది. మొదటిది 2007 డిసెంబరుకి, రెండోది 2008 డిసెంబరుకి పూర్తి కావాలి. వాణిజ్య ఉత్పత్తి మొదలైంది మొదటిదానిలో 2014 డిసెంబరు 31న, రెండోదానిలో 2017 మార్చి 31న. మొదట మంజూరైన ఖర్చు 13,171 కోట్లు. అది 22,462 కోట్లకు చేరింది. ఈ ఆలస్యాన్నీ ఖర్చునూ 2017లో కాగ్ తన నివేదికలో విడమరిచింది. ఇన్నేళ్లలో “ఎప్పుడు పూర్తవుతుంది” అని మాత్రం అడిగి ఊరుకున్న సభ్యుడికీ, “కిందటిసారి చెప్పిన తేదీ ఎందుకు దాటింది, ఏ పరికరం దగ్గర ఆగింది, దానివల్ల యూనిట్ ధర ఎంత పెరిగింది” అని అడిగిన సభ్యుడికీ ఎంతో తేడా ఉంది. మొదటివారు ప్రశ్నల సంఖ్య పెంచుకుంటారు. రెండోవారు మనకు పనికొచ్చే సమాచారం తెచ్చిపెడతారు. ఎంపీల ప్రోగ్రెస్ కార్డుల్లో కనపడేది సంఖ్య ఒక్కటే. ఇంజనీరింగు చదివిన మీరు ఆ సంఖ్యతో తృప్తిపడకూడదు.

ఇది కోయంబత్తూరు వాళ్లకే ఎందుకు చెబుతున్నానో వినండి. పైకారా జలవిద్యుత్తుతో మిల్లులు నడిపిన ఊరిది. 2012లో చెన్నై బయట రోజుకు పది గంటలకు మించి కోతలు పడ్డప్పుడు ఫౌండ్రీలు, లేత్ పట్టడాలు, గ్రైండర్ల తయారీ యూనిట్లు ఎంత నలిగిపోయాయో మీ ఇళ్లలో చెబుతారు. కూడంకుళం తెరవాలని ఇక్కడి పరిశ్రమ గట్టిగా కోరుకుంది. అందులో తప్పు లేదు. కూలి డబ్బులు చేతికి రావాలంటే యంత్రం తిరగాలి. అదే సమయంలో కూడంకుళం పక్కనున్న ఇడిందకరైలో మత్స్యకార కుటుంబాలు చర్చి ముందు పందిరి వేసుకుని నెలల తరబడి నిరాహారదీక్షలు చేశాయి. 2011 సెప్టెంబరులో పనులు ఆపమని తీర్మానించిన జయలలిత మంత్రివర్గమే 2012 మార్చి 19న పనులు సాగనివ్వాలని నిర్ణయించింది. ఆ ఊళ్లలో వేల మందిపై కేసులు పడ్డాయి. కరెంటు మన యంత్రాలకు వచ్చింది, భయం వాళ్ల ఇళ్లలో ఉండిపోయింది. అణువిద్యుత్తు వద్దని నేననను. కాని ఆ కరెంటు వాడుకునే ఊరు ఆ ప్రశ్నలు అడిగే బాధ్యతను కూడా భుజాన వేసుకోవాలని నా గట్టి నమ్మకం. ఇడిందకరై మనిషి అడిగితే ఉద్యమకారుడంటారు. కోయంబత్తూరు ఇంజనీరు అడిగితే అలా కొట్టిపారేయడం కష్టం.

ఈ ఊరికి అలా ప్రశ్నించే అర్హత పాతదే. 1962లో అణుశక్తి చట్టం వచ్చిననాటి లోక్‌సభలో కోయంబత్తూరు సభ్యుడు పి.ఆర్. రామకృష్ణన్, ఇక్కడ ఇంజనీరింగు కాలేజీ నడిపినవారు. చదువూ చట్టసభా అప్పుడు ఒకే మనిషిలో కలిశాయి. ఇప్పుడు మీ చదువును మీ ఎంపీకి అందించవచ్చు. సభ్యుల దగ్గర సిబ్బంది తక్కువ, శాఖలు ఎక్కువ. బాగా రాసిన ప్రశ్న చేతిలో పెడితే కాదనేవాళ్లు అరుదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామన్నారు. అక్కడి పిల్లలకూ ఇదే చెప్పాలి.

ఒక ప్రశ్న నేనే రాసి తెచ్చాను. కూడంకుళంలో వాడేసిన ఇంధనాన్ని సోవియట్ యూనియన్‌కే తిరిగి పంపాలన్నది 1988 నాటి మాట. తర్వాత అది మారి, ఇంధనం ఇక్కడే ఉంచుకోవాలన్నారు. రియాక్టరుకు బయట దాన్ని భద్రపరిచే కట్టడం ఐదేళ్లలో రావాలని 2013 మే 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు వెలుగులో అనుకున్నారు. 2018లో ఆ గడువును 2022 ఏప్రిల్ దాకా పొడిగించారు. కాబట్టి ప్రశ్న ఇది. (అ) ఆ కట్టడం ఈరోజుకు ఎంతవరకు పూర్తయింది? (ఆ) రెండు యూనిట్ల ఇంధన కొలనులు ఎంత నిండాయి, ఇంకెన్నేళ్లకు చోటుంది? (ఇ) 2025 చట్టం తర్వాత ఆ ఇంధనం వల్ల నష్టం జరిగితే పరికరం అమ్మిన సంస్థ బాధ్యత ఎంత? (ఈ) చుట్టుపక్కల ఊళ్లకు ఈ వివరాలు ఏ భాషలో, ఎప్పుడు చెప్పారు?

దీన్ని మీరు ఇంకా బాగా దిద్దగలరు. దిద్ది, వచ్చే సమావేశాల నోటీసు తేదీకి ముందే మీ మీ ఎంపీలకు ఇవ్వండి. జవాబు వచ్చాక ఏ ముక్కకు సమాధానం రాలేదో గుర్తుపెట్టి, తమిళంలో ఒక ప్రతి రాసి ఇడిందకరైకి కూడా పంపండి.