అతుకుల బొంత



బొంతను గూర్చి మాటాడెదనన్నచో మన కార్యదర్శిగారు నవ్విరి. పొందిక లేని ముసాయిదాను ‘అతుకుల బొంత’ యని త్రోసివేయుట నాకును అలవాటే. గత శీతకాలమునుండి ఆ మాట నా నోట వెడలుట లేదు.

మా అమ్మ గతించిన యేడాదికి, రామకృష్ణపురము క్వార్టరులో ఆమె పెట్టె తెరచితిమి. నాలుగు నేతచీరలు, కట్టుటకు వీలుకానంత నలిగినవి. కత్తెర పెట్టవలదని మా అమ్మాయి యేడ్చినది. నా యిల్లాలు వాటిని కోయకనే మడచి, పొరలుగ పరచి, చిరుగులపై పిల్లల పాత చొక్కాల ముక్కలు అతికి, అంచులనుండి నడుమకు కుట్టుకొని వచ్చినది. వంటకును పిల్లల చదువులకును నడుమ దొరకిన అరగంటలే ఆమెకు తీరిక. రెండు నెలలు పట్టినది. సూదిలో దారమెక్కించుట మాత్రము నా వంతు.

సంస్కృతమున బొంతను కంథ యందురు; వంగదేశపు కాంథాయు ఆ మాటయే. ఢిల్లీ రజాయిలో దూది యుండును, మన బొంతలో అంతయు బట్టయే. జనవరి చలికి అది చాలదని యొప్పుకొనవలెను. పైన రజాయి కప్పుకొనుచునే యున్నాము.

అయినను మా చిన్నవాడు బొంత లేనిదే నిద్రింపడు. దీపమార్పినను, నాయనమ్మ మంగళగిరి చీర జరీయంచు ఎచటనున్నదో తడిమి చెప్పును.