భీం అలా మాట్లాడడు కదా మేడం



హాస్టల్ పిల్లలతో నాటకాలు వేయించడం గురించి మమ్మల్ని మాట్లాడమన్నారు. మేమంటే ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ముగ్గురం: వార్డెన్, ఇద్దరు టీచర్లు. మా పిల్లలు ఎనిమిది నుంచి పదో తరగతి చదివే ఆడపిల్లలు. బాగా చేసిన పనులు చెబితే మీరు చప్పట్లు కొడతారు. కానీ మీకు పనికొచ్చేది మేం చేసిన తప్పు. అందుకే దానితోనే మొదలుపెడతాం.

కొన్నేళ్ల కిందట ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవానికి కొమురం భీం నాటకం వేద్దామనుకున్నాం. ముగ్గురం కూర్చొని పుస్తకాల తెలుగులో పెద్ద పెద్ద మాటలు రాశాం. తొమ్మిదో తరగతిలో గొంతు బాగున్న ఒక అమ్మాయికి భీం వేషం ఇచ్చాం. రోజూ అన్నాలయ్యాక అప్పజెప్పించుకున్నాం. ఆ రోజు వేదిక మీద మూడో మాటకే ఆ పిల్ల ఆగిపోయింది. తెర వెనక నుంచి మేం అందించాం. ముందు వరుసలో ఎవరో నవ్వారు. పిల్ల తలపాగా తీసి పక్కన పెట్టి దిగిపోయింది. దసరా సెలవులకు ఇంటికెళ్లి మళ్లీ రాలేదు.

మేం ఊరికి వెళ్లాం. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. పిల్ల చాలాసేపు తల ఎత్తలేదు. చివరికి ఒకటే అంది: "మీరు రాసిన మాటలు నాకు నోట్లో ఇరుక్కున్నాయి. భీం అలా మాట్లాడడు కదా మేడం."

మాకు జవాబు దొరకలేదు. మేమూ గోండి ఇళ్లలో పుట్టినవాళ్లమే. అయినా పిల్లలకు తెలుగు రావాలని, హాస్టల్లో గోండి మాట్లాడితే కసిరేవాళ్లం. జోడేఘాట్‌లో జల్, జంగల్, జమీన్ కోసం 1940లో ప్రాణమిచ్చిన మనిషి వేషం కట్టమని, ఆయన ఇంటి భాషను మాత్రం గేటు బయట పెట్టి రమ్మన్నాం.

ఆలోచిస్తే, నాటకం మనకు కొత్తేమీ కాదు. ప్రధానులు కిక్రి వాయిస్తూ రాత్రంతా పెర్సాపేన్ కథ చెబుతారు. దండారిలో గుస్సాడీ ఆటల మధ్య మనవాళ్లు నవ్వించే వేషాలు కడతారు. వాళ్ల చేతిలో కాగితం ఉండదు. కథ తెలుసు, మాట అప్పటికప్పుడు పుడుతుంది. బీఈడీలో మేం పాఠ్య పథకం రాయడం నేర్చుకున్నాం గానీ, ఇంటి వాకిట్లో ఉన్న ఈ పాఠం చూడలేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. మొదటి వారం మాటలే ఉండవు. బస్సు కోసం చూడటం, బోరింగు దగ్గర వరుస, జ్వరమొచ్చిన తమ్ముడిని ఎత్తుకొని నడవడం, ఇవన్నీ ఒంటితోనే చూపించాలి. రెండో వారం ఎవరి భాషలో వాళ్లు మాట్లాడాలి. మా దగ్గర గోండి పిల్లలున్నారు, కొలాం పిల్లలున్నారు, లంబాడా పిల్లలున్నారు. ఒకరి మాట విని ఇంకొకరు నవ్వకూడదు, అదొక్కటే కట్టుబాటు. మూడో వారం పిల్లలే కూర్చొని ఆ మాటల్ని తెలుగులో రాస్తారు. అర్థం తెలిసి రాస్తారు గనుక మర్చిపోరు. మర్చిపోయినా ఇంకో మాట అందుకుంటారు.

ఇంకొకటి. భీం వేషం కట్టిన పిల్ల మర్నాడు నిజాం కాలపు జంగ్లాత్ జవాను వేషం కూడా కట్టాలి. పశువుల మేతకు పన్ను అడిగేవాడు ఎలా నిలబడతాడు, ఇవ్వలేనివాడు ఎలా నిలబడతాడు, రెండూ ఒంటికి తెలియాలి. ఆ తర్వాత సాంఘిక శాస్త్రం పాఠం చెబితే పిల్లలు అడిగే ప్రశ్నలే వేరు.

నాటకం వల్ల మార్కులు పెరిగాయని మేం చెప్పం. కానీ ఇదివరకు ఆసుపత్రిలో డాక్టరు అడిగితే మా వైపు చూసే పిల్లలు, ఇప్పుడు నొప్పి ఎక్కడో, ఎప్పటి నుంచో వాళ్లే చెబుతున్నారు. మాకు అది చాలు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీతో మాకు పని ఉంది. దండారికి ఊరికి వెళ్లినప్పుడు ఫోన్‌లో గుస్సాడీ ఆట ఒక్కటే తీసుకొని రాకండి. తాతల దగ్గర కూర్చొని కథ మొత్తం వినండి. అడిగి, వాళ్లు సరేనంటే రికార్డు చేయండి. నెలకు ఒక ఆదివారం మీకు దగ్గరున్న హాస్టల్‌కు వెళ్లి, వార్డెన్ అనుమతితో ఆ కథ పిల్లలకు చెప్పండి. మాటలు రాసి ఇవ్వకండి. కథ ఇవ్వండి, మాటలు వాళ్లే చూసుకుంటారు. ఎవరైనా పిల్ల వేదిక మీద ఆగిపోతే నవ్వకండి. ఆ నవ్వు ఒక చదువును ఆపగలదు. మేం కళ్లారా చూశాం.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాం. మేం మూడుసార్లు వెళ్లాక తిరిగి వచ్చింది. మళ్లీ భీం వేషం కట్టనంది, మేమూ బలవంతం చేయలేదు. మరుసటి ఏడు నీళ్ల కుండ మోసే ముసలవ్వ వేషం కట్టి, వాళ్ల నానమ్మ తిట్లన్నీ గోండిలో తిట్టింది. ముందు వరుస మళ్లీ నవ్వింది. ఈసారి ఆ పిల్ల కూడా నవ్వింది. పదో తరగతి పరీక్ష మా దగ్గరే రాసింది.

జై సేవా.