ఇంటి బండికి వారమునకు అరగంట

నల్లరేగడి నేల స్వభావమును ఆదిలాబాదు రైతునకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. పత్తిని పండించు ఆ మన్నే వాన పడినంతనే కాలిని పట్టి వదలదు. మోటారు సైకిలు చక్రమును గూడ అట్లే పట్టును. మడ్గార్డు క్రింద చేరి, ఎండి, రాయివలె గట్టిపడును. చైను సందులలో దూరి ఇనుమును అరగదీయును. కావున మన ప్రాంతమున బండి సంరక్షణము బురద కడుగుటతో ఆరంభము కావలెను.

ఒకప్పుడు ఊరికి ఒకటి రెండుగా నుండిన ఈ బండి నేడు నాగలివలె ఇంటి పనిముట్టైనది. చేనికి మందుడబ్బాలు మోయునది అదే. ఉట్నూరు, ఇంద్రవెల్లి అడవిదారులలో రాత్రివేళ రోగిని ఆసుపత్రికి చేర్చునదియు పెక్కుమార్లు అదే. అట్టి వేళ బండి మొరాయించినచో కలుగు నష్టము మెకానిక్కు కూలితో తీరునది కాదు. వారమునకు ఒక అరగంట కేటాయించినచో ఈ చిక్కులలో పెక్కింటిని ముందే తప్పించుకొనవచ్చును.

ఇంజను చల్లారిన పిదపనే నీళ్లు పోయవలెను. చక్రముల నడిమి బేరింగులపైకి, విద్యుత్తు తీగలపైకి గొట్టముతో బలముగా నీరు కొట్టరాదు. కడిగిన పిమ్మట కొంత దూరము నెమ్మదిగా నడుపుచు, బ్రేకులను మెల్లగా నొక్కుచు వాని తడి ఆర్పవలెను.

తరువాత చైను. ఇంజను నడుచుచుండగా చైనును తుడువరాదు. గుడ్డతో పాటు వ్రేలు లోనికి పోవును. ఇంజను ఆపి, గేరు తీసి, చక్రమును చేతితో త్రిప్పుచు తుడిచి నూనె వేయవలెను. చైను నడిమి భాగమును పైకి, క్రిందికి ఆడించి చూడుడు. సామాన్యముగా అది రెండు మూడు సెంటీమీటర్లు కదలవలెను. సరియైన కొలత బండితో వచ్చిన పుస్తకమున నుండును. చైను బిగించుటకు వెనుక చక్రమును జరిపినచో వెనుక బ్రేకు బిగువును మారును. దానిని సరిచూడక బయలుదేరరాదు.

ఇంజను ఆయిలు చూచునపుడు బండిని సమతలమున నిటారుగా నిలిపి, కొద్దిసేపు ఇంజను నడిపి ఆపి, రెండు మూడు నిమిషములు ఆగవలెను. ఆయిలు పుల్లమీది రెండు గీతల నడుమ నుండవలెను. తక్కువ యెంత చెరుపో ఎక్కువయు అంతే చెరుపు. చాల బండ్లలో ఇంజనుకు, క్లచ్చికి, గేర్లకు ఒకే ఆయిలు. చేతికందినదని కారు ఆయిలు పోసినచో క్లచ్చి జారవచ్చును.

టైర్లలో గాలిని బండి నడుపుటకు ముందే చూపించుకొనవలెను. మన జిల్లాలో చలి తీవ్రమైనది. చలికి గాలి ఒత్తిడి తగ్గును. వేసవిలో ప్రయాణించిన టైరు వేడికి ఒత్తిడి పెరిగినదని గాలి తీసివేయరాదు. చల్లారిన పిదప అది తక్కువయగును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనవి బ్రేకులు. డ్రమ్ము బ్రేకు గల బండిలో చక్రము ప్రక్కన చిన్న బాణము గుర్తు ఉండును. బ్రేకు నొక్కినపుడు ఆ బాణము ఎదుటి గుర్తును చేరినచో లోపలి బ్రేకుషూలు అరిగినవని అర్థము. బిగించుటతో పని జరుగదు, మార్చవలసినదే. డిస్కు బ్రేకులో ద్రవము తగ్గినచో పోసి ఊరకుండరాదు. ప్యాడు అరిగినదో, ఎక్కడనైన కారుచున్నదో చూపించవలెను. నిర్మలు, ఆదిలాబాదుల నడుమ మహబూబ్ ఘాటు దిగువారు బ్రేకుపైననే భారము వేయక, గేరు తగ్గించి ఇంజనును గూడ వేగమును ఆపనీయవలెను. వెనుక కూర్చున్న ఇల్లాలి చేతిలో గాని, పిల్లవాని చేతిలో గాని బ్రేకు లేదు గదా!

అన్నియు మనమే విప్పుట వివేకము కాదు. 2020 ఏప్రిలులో భారత్ స్టేజి 6 ప్రమాణములు అమలులోనికి వచ్చినప్పటినుండి కొత్త బండ్లలో కార్బొరేటరుకు బదులు పెట్రోలును చిమ్ము విద్యుత్ యంత్రాంగము వచ్చినది. మీటరులో ఇంజను దీపము వెలుగుచునే యున్నచో బండిని తెలిసిన మెకానిక్కునకు అప్పగించవలెను.

చక్రము, చైను, ఆయిలు, గాలి, బ్రేకు: ఈ ఐదింటిని చూచుటకు గొప్ప విద్య అక్కరలేదు. ఎడ్లను కట్టుటకు ముందు కాడిని, పగ్గమును తడవి చూచుట మన పెద్దల అలవాటు. ఆ చూపును, ఆ చేతిని నేటి బండికి గూడ చూపిన చాలును.