పదిమంది రాత, ఒక్కటే గడువు

పదిమంది కలిసి రాసే పుస్తకాన్ని అనుకున్న వేళకు తేవడం ఎంత కష్టమో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం చరిత్ర చెబుతుంది.

లోకంలోని శాస్త్రాలన్నీ తెలుగులో చదువుకోవాలని కొమర్రాజు వేంకట లక్ష్మణరావు దాన్ని తలపెట్టారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారు చేయి కలిపారు. ఎన్నో వ్యాసాలు లక్ష్మణరావే స్వయంగా రాశారు. మూడు సంపుటాలు వెలువడినా ‘అ’ అక్షరం దాటలేదు. 1923లో ఆయన కన్నుమూశారు.

ఇలా అకారాది క్రమంలో సాగే పుస్తకంలో ఒక చిక్కుంది. ‘అణువు’ వ్యాసం అందకపోతే, ‘అద్వైతం’ చేతిలో సిద్ధంగా ఉన్నా పుటల లెక్క తేలదు. పైగా ఆ రోజుల్లో సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి కూర్చేవారు. ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చువేసే పుటల సముదాయం, అచ్చయితే గాని వాటిని విప్పి మళ్లీ వాడుకోవడానికి వీల్లేదు. ఒక్క రచయిత ఆలస్యం చేస్తే ప్రెస్సులో టైపంతా చిక్కుబడిపోయేది.

ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. అయినా కళాశాల సంచికకైనా, సన్మాన సంచికకైనా ఒకరి ఆలస్యంతో అందరి పనీ ఆగే ఇబ్బంది పూర్తిగా తీరలేదు. అందుకే సంపాదకులు రచయితలకు చెప్పే గడువు ప్రెస్సు గడువు కన్నా బాగా ముందు ఉండాలి. ఎవరికి ఎన్ని పుటలో మొదటే తేల్చాలి. ఆఖరి ప్రూఫు బాధ్యత ఒక్కరికే అప్పగించాలి.

రాస్తామని మాటిచ్చినవారికి నా విన్నపం ఒక్కటే. వేళకు ఇవ్వలేమనిపిస్తే ఆ సంగతి ముందుగానే చెప్పండి. మరొకరితో రాయించుకునే వ్యవధి అప్పుడు సంపాదకులకు దొరుకుతుంది, తోటి రచయితల శ్రమ వృథా కాదు.