తాత, మనవడు, జర్మన్ విభక్తులు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం గురించి, వైద్య బిల్లుల గురించి మిత్రులు ఇప్పటికే మాట్లాడారు. "మీరు జర్మన్ నేర్చుకుంటున్నారటగా, దాని మీద పది నిమిషాలు చెప్పండి" అని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. డెబ్బై మూడేళ్ల రిటైర్డు గుమాస్తాకు జర్మన్ ఎందుకని మీకు నవ్వు రావచ్చు. ముందు కారణం మనవి చేస్తాను.

మా అమ్మాయి కుటుంబం జర్మనీలో ఉంటుంది. మనవడికి ఎనిమిదేళ్లు. బడిలో, ఆటల్లో అంతా జర్మనే. తెలుగు నాలుగు ముక్కలు వచ్చు. రెండేళ్ల క్రితం ఒక ఆదివారం వీడియో ఫోనులో వాడేదో చెబుతుంటే నేను ఊరికే తలూపుతున్నాను. వాడు ఆగి, తల్లివైపు తిరిగి, "ఓపా ఫెర్ష్టేట్ మిష్ నిష్ట్" అని లేచి వెళ్లిపోయాడు. ఓపా అంటే తాత అని నాకు తెలుసు. మిగతాది ఏమిటని అడిగితే అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. "తాతకి నేను చెప్పేది అర్థం కావడంలేదు అంటున్నాడు నాన్నా" అంది. మర్నాడే పుస్తకం తెప్పించుకున్నాను.

మొదట ఇంగ్లీషు ద్వారా నేర్చుకోబోయి తికమక పడ్డాను. తర్వాత చిన్నప్పుడు బట్టీ పట్టిన "డు, ము, వు, లు ప్రథమా విభక్తి" ఆదుకుంది. జర్మన్‌లో విభక్తులు నాలుగే: కర్తకొకటి, కర్మకొకటి, మనం "కి, కు" అనేచోట ఒకటి, "యొక్క" అనేచోట ఒకటి. మనం ప్రత్యయాన్ని మాట చివర చేరుస్తాం. వాళ్లు ఎక్కువగా మాట ముందుండే చిన్న పదాన్ని మారుస్తారు. పుంలింగంలో అది డేర్, డేన్, డేమ్, డెస్ అని మారుతుంది.

"డేర్ హుంట్ బైస్ట్ డేన్ మన్" అంటే కుక్క మనిషిని కరుస్తుంది. "డేన్ మన్ బైస్ట్ డేర్ హుంట్" అన్నా కరిచేది కుక్కే! ఇంగ్లీషులో మాటలు తారుమారైతే మనిషే కుక్కను కరుస్తాడు. మనకు ఆ భయం లేదు. "మనిషిని కుక్క కరిచింది" అన్నా, "కుక్క మనిషిని కరిచింది" అన్నా గాయం మనిషికే. అయితే స్త్రీలింగ, నపుంసక లింగాల్లో కర్తకూ కర్మకూ ఆ చిన్న పదం ఒకటే. అక్కడ సందర్భం చూసుకోవాలి.

సర్వనామాలు మరీ దగ్గర. నేను, నన్ను, నాకు: ఇష్, మిష్, మియర్. నువ్వు, నిన్ను, నీకు: డూ, డిష్, డియర్. ఒకసారి చలిగా ఉందని చెప్పబోయి, ఇంగ్లీషు పద్ధతిలో "ఇష్ బిన్ కాల్ట్" అన్నాను. మనవడు పడీపడీ నవ్వాడు. అలా అంటే నేను చల్లటివాణ్ణి, మనసులో ఆప్యాయత లేనివాణ్ణి అనే అర్థం కూడా వస్తుందట. అనవలసింది "మియర్ ఇస్ట్ కాల్ట్". అంటే "నాకు చలిగా ఉంది". తెలుగులో ఆలోచించి ఉంటే తప్పేది కాదు.

వాడు నన్ను "డూ" అంటాడు, అంటే నువ్వు. మర్యాదకు "జీ" అనే మాట ఉంది, మన "మీరు" లాంటిది. కానీ అక్కడ తల్లిదండ్రులను, తాతలను, ప్రార్థనలో దేవుణ్ణి కూడా డూ అనే అంటారు. దుకాణదారును మాత్రం జీ అనాలి.

ఇక పదక్రమం. మామూలు వాక్యంలో క్రియది రెండో కుర్చీ. ముందు కర్త కూర్చున్నా, "ఈరోజు" అనే మాట కూర్చున్నా క్రియ మాత్రం రెండో స్థానం వదలదు. "ఎందుకంటే" అనే అర్థమిచ్చే "వైల్" వచ్చిందా, క్రియ మన తెలుగులోలాగా చివరికి పోతుంది. "ఇష్ బిన్ మ్యూడె" అంటే నేను అలసిపోయాను. "వైల్ ఇష్ మ్యూడె బిన్" అంటే నేను అలసిపోయాను కాబట్టి. కొన్ని క్రియలు రెండు ముక్కలై రెండో ముక్క వాక్యం చివర తేలుతుంది. మన ఆఫీసు నోటు గుర్తు తెచ్చుకోండి. రిఫరెన్సులన్నీ చదివినా, ఆఖరి పేరా చూస్తేగాని మంజూరో తిరస్కారమో తెలియదు కదా! జర్మన్ వాక్యాన్ని కూడా చివరిదాకా ఓపికగా వినాలి. ఆ ఓపిక మన సర్వీసులో మనకు బాగానే అలవాటైంది.

నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. లింగాలు రోజూ తప్పుతాను. వాడు సరిదిద్దుతాడు, నేను నోటుబుక్కులో రాసుకుంటాను. గత నెలలో ఒకరోజు వాడే నాకు ఫోను చేశాడు. "ఇవాళ ఆదివారం కాదుగా, తాతకెందుకు చేశావు?" అని తల్లి అడగడం నాకు వినిపించింది. "వైల్ ఓపా మిష్ ఫెర్ష్టేట్" అన్నాడు. ఆనాటి మాటలే. "నిష్ట్" లేదు, క్రియ చివరికి వెళ్లింది. అమ్మాయి అనువాదం చేయబోతే అక్కర్లేదన్నాను.

మిత్రులారా, మనలో చాలామంది మనవలు వేరే భాషల్లో పెరుగుతున్నారు. వాళ్లకు తెలుగు రాలేదని బాధపడటం సహజమే. వాళ్లకు తెలుగు నేర్పండి, మీరు కూడా వాళ్ల భాష నాలుగు ముక్కలు నేర్చుకోండి. రోజుకు అరగంట చాలు. మనకు వచ్చిన విభక్తులు వృథా పోవు.