పాదసూచిక వెంట



నేడు న్యాయశాస్త్ర పట్టభద్రులై, నల్లకోటు తొడిగి న్యాయస్థానపు మెట్లెక్క తొందరపడుచున్న మీతో, గ్రంథాలయపు ధూళిలో కూర్చుండి వ్యాసము వ్రాయుటను గూర్చి ముచ్చటించుట అరసికముగా తోచవచ్చును. అయినను నాకు కొంచెమైన తెలిసిన విద్య యిదియొక్కటే.

నలుబది యేండ్ల క్రిందట, విద్యార్థిగా వ్రాసిన తొలివ్యాసమున, ఏకాంతము ప్రాథమిక హక్కు కాదని ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించెనని ఒక్క వాక్యమున తేల్చివేసి, పాదసూచికలో లా రిపోర్టు సంపుటమును, పుటను ఠీవిగా ఉటంకించితిని. ఆ సంపుటమును నేను తెరవనేలేదు. వేరొకరి గ్రంథమునుండి సూచికను ఎత్తి వ్రాసికొంటిని. మా గురువుగారు ఆ వాక్యము ప్రక్క పెన్సిలుతో ‘తక్కిన తీర్పు ఎక్కడ?’ అని మాత్రము వ్రాసి తిరిగి యిచ్చిరి.

సిగ్గుపడి వెళ్లి చదివితిని. బందిపోటు కేసులో సాక్ష్యము చాలక విడువబడిన ఖరక్ సింగ్ అనువాని యింటికి, ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనలలోని 236వ దాని యండతో, రక్షకభటులు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టుచుండిరి. 1962లో ఆరుగురు న్యాయమూర్తులును ఆ రాత్రి రాకలను కొట్టివేసిరి. అందు నలుగురు, ఏకాంతము ప్రాథమిక హక్కు కాదనుచునే వానిని కొట్టివేసి, తక్కిన నిఘాను నిలిపిరి; రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు మాత్రము, న్యాయమూర్తి షాగారితో కూడి, నీడవలె వెంటాడబడువానికి దేశమంతయు చెరసాలయే యగునని తలచి, నిబంధన మొత్తము చెల్లదనిరి. ఏకాంతమునకు రక్షణ లేనిచో ఆ నలుగురు తలుపుతట్టుటను ఏ యాధారమున నిషేధించిరి? తీర్పు తలపై నుండు సంగ్రహమగు హెడ్‌నోటుతో తృప్తిపడినవానికి ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకాంతమును ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవముగా నంగీకరించి, ఖరక్ సింగ్ తీర్పులో అది హక్కు కాదనిన భాగమును త్రోసిపుచ్చునపుడు ఎత్తిచూపినది ఈ వైరుధ్యమునే.

కావున వ్యాసము వ్రాయదలచిన మీకు నా మాట యిది: ‘మానవహక్కులు’ అనునది వ్యాసవిషయము కాదు, వ్యాసకర్తను ముంచు సముద్రము. ఒక నిబంధన, ఒక తలుపు, ఒక పొసగని వాక్యము చాలును. నేడు కంప్యూటరులో ఒక పదము కొట్టినంతనే తీర్పులు కుప్పలుగా వచ్చి పడునుగాని, అవి యింకను నిలిచియున్నవో, తరువాతి ధర్మాసనములు వానిని త్రోసినవో మీరే వెంబడి పోయి చూడవలయును. అసమ్మతి తీర్పును మొదట చదువుడు. ఇది నా దురభ్యాసమే కావచ్చును.

పట్టా చేతికి వచ్చిననాడే గ్రంథాలయపు కార్డు చెల్లిపోవునని యిందాక ఎవరో చెప్పిరి. మరియొక సంవత్సరము దానిని చెల్లనిత్తురేమో, ఉపకులపతిగారు ప్రక్కనే యున్నారు గనుక, అడిగి చూచెదను.